పిల్లి పెట్టే పరీక్ష

మనిషి సాధనను రోజూ దగ్గరుండి చూసే సాక్షి ఇంట్లో పిల్లి. గురువు ఆశ్రమంలో ఉంటాడు, తోటి భక్తులు గుడిలో కలుస్తారు. పిల్లి మాత్రం పూజగది గడప దగ్గరే ఉంటుంది. పూజకు ముందు మనం ఎలా ఉన్నామో, పూజయ్యాక ఎలా ఉన్నామో రెండూ చూస్తుంది. దానికి మాటలొస్తే మన గురించి ఏం చెబుతుందో అని నేను చాలాసార్లు ఆలోచించాను. చెప్పేవన్నీ నవ్వు తెప్పించే సంగతులే అయినా, అందులో మనకు పనికొచ్చే పరీక్ష ఒకటి ఉందని నా నమ్మకం.

మా రామకుప్పం వైపు పిల్లి అయితే ఇలా మొదలుపెడుతుందేమో: "మా ఇంటి పెద్దాయన కోడి కూయకముందే లేచి, చాప పరుచుకుని, నడుం నిటారుగా పెట్టి కళ్లు మూసుకుంటాడు. మనసు ఒకచోట నిలవాలట. నిలిచిందో లేదో చూసుకోవడానికి కాబోలు, మధ్యమధ్యలో ఒక కన్ను తెరిచి గడియారం చూస్తాడు. పున్నమి వస్తే తిరువణ్ణామలై బస్సెక్కుతాడు. కొండ చుట్టూ 14 కిలోమీటర్లు నడిచి, బయల్దేరిన చోటికే చేరి, వాచిన కాళ్లతో ఇంటికొస్తాడు. నేను గోనెసంచి మీద ఒక్క చుట్టు తిరిగి పడుకుంటాను, నాకు అదే చాలు. సోమవారం రాతి దేవుడికి చెంబెడు పాలు పోస్తాడు. పక్కకు కారిన పాలకు నేను నాలుక చాపితే, నోట్లో శాంతి మంత్రం ఆగకుండానే ఆ చెంబు నా మీదికి లేస్తుంది."

గిరిప్రదక్షిణను, అభిషేకాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ అరుణాచలం కొండ చుట్టూ రాత్రంతా నడిచిన మనిషికి దక్కే నెమ్మది నిజమైనదే. అయితే పిల్లి అడిగేది ఒక్కటే: ఆ నెమ్మది ఇంటిదాకా వచ్చిందా?

ఇక మనసు నిలపడం సంగతికొస్తే, అది పిల్లి దగ్గరే చూడొచ్చు. కుప్పం, రామకుప్పం ప్రాంతంలో పట్టుపురుగులు పెంచే రైతులు చాలామంది. పురుగులకూ గూళ్లకూ ఎలుకల బెడద తప్పదు. అలాంటి షెడ్డులో కన్నం ముందు కాపుకాసిన పిల్లిని చూడండి. ముందుకాళ్లు పొట్టకిందికి ముడుచుకుని ఉంటాయి. మీసం కదలదు, తోక కొస మాత్రం ఎప్పుడో ఒకసారి ఆడుతుంది. రోడ్డు మీద ట్రాక్టర్ పోతే ఒక చెవి అటు తిరిగి, మళ్లీ కన్నం వైపు వచ్చేస్తుంది. ఎంతసేపైందన్న లెక్క దానికి లేదు. ఇలాంటి పూర్తి గమనింపు గురించే జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా మాట్లాడారు. ఆయన 1895లో పుట్టింది మన మదనపల్లెలోనే. ఆయన్ను జగద్గురువుగా నిలబెట్టాలని దివ్యజ్ఞాన సమాజం పెద్దలు 1911లో ఒక సంస్థ కట్టారు. దాన్ని 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఒమెన్‌లో, సభ్యుల ఎదుటే ఆయన రద్దుచేశారు. సత్యానికి ఎవరో వేసిన దారంటూ ఉండదనీ, ఎవరికి వారు చూసుకోవలసిందేననీ ఆయన పట్టు.

కానీ చూపు నిలిస్తే సరిపోదు. పిల్లి ఏకాగ్రత ఎలుక మెడ దగ్గర ముగుస్తుంది. వేటగాడికీ దొంగకూ కూడా ఏకాగ్రత ఉంటుంది. మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. మహాభారతం ఉద్యోగపర్వంలో గంగ ఒడ్డున చేతులెత్తి తపస్సు చేసే పిల్లి కథ ఉంది. ఎలుకలు దాన్ని నమ్మి శరణు కోరతాయి. తపస్సుతో అలసిపోయాను, రోజూ నన్ను నదిదాకా తీసుకెళ్లండి అంటుందది. నాళ్లు గడిచేకొద్దీ పిల్లి ఒళ్లుచేస్తుంది, ఎలుకలు తగ్గిపోతాయి. చివరికి కోలికుడనే ముసలి ఎలుక గుట్టు పట్టుకుంటుంది: కందమూలాలు తినేవాడి మలంలో వెంట్రుకలెందుకుంటాయి? తపస్సు నిజమో కాదో తేల్చడానికి ఇంతకన్నా సూటి ప్రశ్న నాకు ఎక్కడా కనబడలేదు. మహాబలిపురంలో పల్లవుల శిల్పులు 7వ శతాబ్దంలో చెక్కిన పెద్ద బండ మీద, ఒంటికాలి తపస్విని అనుకరిస్తూ నిలబడ్డ పిల్లీ దాని దగ్గర ఎలుకలూ ఇప్పటికీ ఉన్నాయి. దేవతలు, మునులు, ఏనుగులు ఉన్న ఆ మహాదృశ్యంలో శిల్పి ఈ హెచ్చరికకూ చోటిచ్చాడు.

విచిత్రమేమంటే, దొంగజపానికి గుర్తుగా నిలిచిన ఆ పిల్లే శ్రీవైష్ణవంలో భగవంతుడి కరుణకు గుర్తు. తల్లికోతిని పిల్ల గట్టిగా పట్టుకోవాలి, పిల్లికూన మాత్రం ఊరికే ఉంటే తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. భక్తుడి ప్రయత్నం కావాలన్న వడగలై శాఖ వారిది మర్కట కిశోర న్యాయం, శరణాగతే చాలన్న తెన్గలై శాఖ వారిది మార్జాల కిశోర న్యాయం. ఎలుకను చంపే పళ్లే కూనను గాటు పడకుండా మోస్తాయి. ఆ రెంటికీ తేడా అంతా పట్టులో ఉంది. మన జపం, ఉపవాసం, దీక్ష కూడా మనకు ఒక బలం ఇస్తాయి. ఆ బలం చేతికి చిక్కినవారిని కొరుకుతోందా, మోస్తోందా అన్నది చూసుకోవాలి.

పతంజలి యోగసూత్రాల్లో సాధనపాదం దీనికి కొలత చెప్పింది: అహింసలో స్థిరపడినవాడి సన్నిధిలో వైరం వదిలిపోతుంది. అంటే రుజువు సాధకుడి లోపల ఉండదు, అతని చుట్టూ ఉన్న ప్రాణుల్లో ఉంటుంది. 1896లో అరుణాచలం చేరి 1950లో అక్కడే దేహం వదిలిన రమణ మహర్షి దగ్గర కోతులు, ఉడతలు, కుక్కలు భయం లేకుండా తిరిగేవి. 1948 జూన్ 18న లక్ష్మి అనే ఆవు ప్రాణం విడిచేటప్పుడు ఆయన పక్కనే కూర్చుని దాని తల నిమిరారు. ఆ ఆశ్రమ జీవితాన్ని సూరి నాగమ్మ తెలుగులో లేఖలుగా రాసి మనకు అందించారు. ఆ ప్రాణులు ఆయన బోధ వినలేదు, శాస్త్రం చదవలేదు. దగ్గరికి వెళితే దెబ్బ పడదని మాత్రం వాటికి తెలుసు.

సాధన చేసే ప్రతి ఒక్కరికీ నా విన్నపం ఇదే. ఎంత జపం చేశామో, ఎన్ని కొండలెక్కామో లెక్క రాసుకునే ముందు, పూజగదిలోంచి మనం లేచి వస్తుంటే ఎవరు పక్కకు తప్పుకుంటున్నారో చూడండి. పిల్లలు కావచ్చు, ఇంట్లో పనిచేసే మనిషి కావచ్చు, పిల్లి కావచ్చు. అలా తప్పుకునే ప్రాణి ఒక్కటి ఉన్నా, మన సాధన ఇంకా మొదలుకాలేదు.