కొట్టివేసిన పేరు

ఐ.పి.ఎల్. క్రికెట్టు పోటీలు ముగిసినను మన యువకుల వాదము ముగియదు. సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టు ఎవరిని నిలుపుకొనును, ఎవరిని విడుచును అని ఆరాధన ముగిసిన వెంటనే గుడి అరుగుమీదనే తర్కించుకొందురు. 2016లో కప్పు గెలిపించిన నాయకుడు వార్నరును ఆ జట్టు 2021లో విడిచెను. 2014 నుండి బంతి వేసిన భువనేశ్వరును 2024లో నిలుపుకొనలేదు. మన తెలుగు బిడ్డ నితీశ్ కుమార్ రెడ్డిని 6 కోట్లకు నిలుపుకొనెను. ఇది న్యాయమా అని వారి ప్రశ్న.

జట్టులో ఆడువారు పదకొండుగురే. ధనమునకును హద్దు కలదు. విడువక తప్పదు. సంఘమునకు అట్టి హద్దు ఎవరు పెట్టిరి?

పని మధ్యలో విడిచిపోయిన మార్కును మరల వెంటబెట్టుకొనరాదని పౌలు వాదించెను, బర్నబా ఒప్పుకొనలేదు. ఇద్దరును వేరైపోయిరి (అపొ. కార్య. 15:37-39). అయితే ఆ పౌలే కడపటి దినములలో, మార్కు పరిచర్యకు పనికివచ్చువాడని, అతనిని తోడుకొని రమ్మని తిమోతికి వ్రాసెను (2 తిమోతి 4:11). పౌలు తన మొదటి తీర్పును కడపటి తీర్పుగా ఉంచుకొనలేదు.

త్రాగుడుకు లోబడిన యొక సహోదరుని పేరును నేను పాటల బృందమునుండి కొట్టివేసితిని. అతడు త్రాగుడు మానినను, ఆ పేరు తిరిగి వ్రాయుటకు నాకు చేయి రాలేదు. ఈ వారము అతని యింటికి వెళ్లుచున్నాను.

మీరు కొట్టివేసిన పేరు ఎవరిది?