పితామహ స్మరణము

సూరతు నగరమున గోడాదరా అను పేట కలదు. లింబాయత్, దిండోలీ, పర్వత్ పేటలు దాని చెంతనే ఉన్నవి. ఈ ప్రాంతమున మరమగ్గముల చప్పుడు రేయింబవళ్లు వినబడుచుండును. ఆ చప్పుడు నడుమ తెలుగు మాటయు వినవచ్చును. ఏలయన, ఇచ్చటి నేత పనివారిలో తెలుగువారు, విశేషించి పద్మశాలీలు, పెక్కుమంది కలరు. వీరి తాతలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలలోని చిన్న పట్టణములందును గ్రామములందును గుంటమగ్గములపై కూర్చుండి నేసినవారు. యంత్రముతో పోటీపడలేక చేతిమగ్గము కూడు పెట్టజాలని దినములు వచ్చినప్పుడు ఆ వృత్తివారు షోలాపురమునకు, భివండికి, సూరతునకు తరలిపోయిరి. పెక్కు కుటుంబములలో తాత ఊరనే నిలిచెను, కొడుకు రైలెక్కెను, మనుమడు సూరతులో పుట్టి గుజరాతీ అక్షరములు దిద్దెను.

అట్టి యిల్లొకటి ఊహించుకొనుడు. గోడమీద తాత పటమున్నది. దానికొక పూలదండ. తాతను ఎన్నడును చూడని బాలుడు పటమువంక చూచి, “నాయినా, తాత ఎట్లాంటోడు?” అని అడుగును. తండ్రి కన్నులు చెమర్చును. “దేవునసొంటోడు, బిడ్డా” అనును. బాలుడు తల యూపి ఆటకు పోవును.

ఆ సమాధానమున ప్రేమ నిండుగా నున్నది. కాని బాలునికి దానివలన లభించినదేమి? దేవునివంటివానికి మ్రొక్కవచ్చునేగాని, వానివలె నడువవలెనని పసివానికి తోచదు. తండ్రి హృదయమున సజీవుడై యున్న తాత, కుమారుని చేతికి వచ్చునప్పటికి కేవలము పటమే అయినాడు. ప్రియమైన పితామహుని ఎట్లు స్మరింపవలెను? ఈ ప్రశ్న గోడాదరాలోని ఒక్క యింటిది కాదు. పెద్దలను ప్రేమించి పోగొట్టుకొన్న ప్రతి యింటిది.

స్మరణమునకు రెండు శత్రువులు కలవు. ఒకటి విస్మృతి, రెండవది అసత్యము. మొదటిదానిని అందరును ఎఱుగుదురు. రెండవది ప్రేమ వేషము ధరించి వచ్చును గనుక దానిని గుర్తించుట కష్టము. చనిపోయినవారి దోషముల నెన్నరాదని లోకమర్యాద. అది మంచి మర్యాదయే. కాని దోషము నెన్నకుండుట వేరు, లేని గుణమును కల్పించుట వేరు. కల్పించిన గుణములచేత అలంకరింపబడినవాడు మన తాత కాడు. మన కోరిక తీర్చుటకు మనమే నిర్మించుకొన్న మఱియొకడు. అట్టివానికి నమస్కరించుచు, నిజముగా జీవించిన మనుష్యుని మనము రెండవసారి పోగొట్టుకొనుచున్నాము.

ఇచ్చట వేదాంతియొక సందేహమును లేవదీయవచ్చును. దేహము నశ్వరము, బంధుత్వము దేహమును బట్టి వచ్చినది. అట్లగుచో తాతను తలచి కన్నీరు కార్చుట మోహము కాదా? మోహము కావచ్చును, కాకపోవచ్చును. పోయినవాడు మరల తనకు కావలెనని కోరుట మోహము. వానివలన తాను పొందిన మేలును గుర్తించి, దానిని ఇతరులకు అందింపవలెనని కోరుట కృతజ్ఞత. కన్నీరు రెంటియందును ఉండును. అది ఎటు ప్రవహించుచున్నదో చూచియే ఏది మోహమో, ఏది ధర్మమో నిర్ణయింపవలెను.

మూడు ఋణములతోనే జన్మము కలుగుచున్నదని తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. ఋషి ఋణము బ్రహ్మచర్యముచేతను, దేవ ఋణము యజ్ఞముచేతను, పితృ ఋణము సంతానముచేతను తీరునట. ఈ మూడవదానిలోని విశేషము గమనింపదగినది. లోకములో అప్పును ఇచ్చినవానికే తిరిగి చెల్లింతురు. పితృ ఋణమును మాత్రము వెనుకవారికి గాక ముందు రాబోవువారికి చెల్లింపవలెను. తాత భుజముపై నెక్కి తిరుగాడిన సుఖమును తాతకు తిరిగి ఇచ్చుట ఎవ్వరికిని సాధ్యము కాదు. మఱియొక బిడ్డను భుజముపై నెక్కించుకొనుటయే దానికి చెల్లింపు.

తర్పణవిధిని పరికించినను ఈ భావమే స్ఫురించును. తిలోదకము నిచ్చునప్పుడు తండ్రిని వసురూపునిగను, తాతను రుద్రరూపునిగను, ముత్తాతను ఆదిత్యరూపునిగను భావించి, పేరు పేరున పిలుతురు. ఆపై తరమువారిని పేరుతో పిలుచుట లేదు. వారు పితృసమూహమున కలిసిపోయినవారు. మనుష్యుని పేరు నిలుచుట కొకమేర కలదని మన పెద్దలు ఎఱుగుదురు. దానికై వారు శోకింపలేదు. అంతియేగాక, తర్పణాంతమున స్నానవస్త్రమును పిడిచి, ఆ నీటిని వంశమున సంతానము లేక పోయినవారికి విడుచుట కలదు. తన తాతతో మొదలిడిన స్మరణము, ఎవ్వరును తలచు దిక్కులేనివారివరకు వ్యాపించినగాని ముగియదన్నమాట. ప్రేమ ఒక్కనియొద్ద ఆరంభమగుట దోషము కాదు. అచ్చటనే ఆగిపోవుట దోషము.

సూరతు నగరమునందే ఈ విషయమునకు తగిన ఐతిహ్యమొకటి కలదు. తాపీనదీ తీరమున అశ్వినీకుమార్ అను ప్రసిద్ధ శ్మశానఘట్టమున్నది. కర్ణునికి దహనసంస్కారము జరిగినది అచ్చటనే యని స్థానికుల నమ్మకము. తాపీ సూర్యపుత్రిక, కర్ణుడు సూర్యపుత్రుడు. ఆ కర్ణుని గూర్చియే, భారతమున లేకున్నను, మహాలయపక్షమునకు కారణముగా జనులు చెప్పుకొను కథ యున్నది. దానశూరుడైన కర్ణుడు స్వర్గమున ఆకలిగొనగా ఆహారమునకు బదులు సువర్ణమే లభించెనట. జీవితమంతయు బంగారమును దానము చేసితివిగాని పితరుల నుద్దేశించి అన్నము పెట్టలేదని చెప్పిరట. తన పితరులెవ్వరో తాను ఎఱుగనని కర్ణుడు విన్నవింపగా, పక్షము దినములు భూమికి వచ్చి అన్నోదకముల నిచ్చుట కనుమతి లభించెనట. తన వంశమెరుగని బిడ్డ ఎంత గొప్పవాడైనను ఏదో యొక ఆకలితో నుండునని ఈ కథ చెప్పుచున్నది. గోదావరికి దూరమై తాపీ యొడ్డున పెరుగుచున్న తెలుగు బాలునికి ఇది పరాయి కథ కాదు.

అట్లయిన వానికి ఏమి చెప్పవలెను? తైత్తిరీయోపనిషత్తునందు విద్య ముగిసిన శిష్యునికి ఆచార్యుడు చేసిన ఉపదేశము దీనికి మార్గము చూపుచున్నది. సంతానమను దారమును తెంపవలదని చెప్పిన ఆ ఆచార్యుడే, తమయందలి మంచి నడతలను మాత్రమే అనుసరింపుమనియు, ఇతరములను అనుసరింపవలదనియు చెప్పెను. తనయందును అనుసరింపదగనివి ఉండవచ్చునని ఆచార్యుడే అంగీకరించినాడు! గురువే ఇట్లు పలికినప్పుడు, తాతను నిర్దోషునిగా చిత్రింపవలసిన అగత్యము మనుమనికి లేదు. మంచిని గ్రహించి, తక్కినదానిని ద్వేషము లేక విడుచుటయే గౌరవము.

దీనికి గుజరాతు దేశముననే చక్కని నిదర్శనము కలదు. మహాత్మా గాంధి 1925వ సంవత్సరమున తన ఆత్మకథను ‘నవజీవన్’ పత్రికలో వ్రాయ నారంభించినప్పుడు, మొదటి ప్రకరణమున మొట్టమొదట తలచిన పెద్ద తన పితామహుడు ఉత్తమచంద్ గాంధి. అందరును ఆయనను ఓతా గాంధి యనెడివారు. పోర్‌బందరు అను చిన్న సంస్థానమునకు ఆయన దివాను. రాజకీయ కుతంత్రములవలన ఆ స్థలమును విడిచి జునాగఢమున ఆశ్రయము పొందవలసి వచ్చెను. అచ్చటి నవాబునకు ఆయన ఎడమచేతితో సలాము చేసెను. ఈ అమర్యాద యేమని యడుగగా, కుడిచేయి ఇదివరకే పోర్‌బందరునకు అర్పితమై యున్నదని బదులు చెప్పెను.

తన్ను వెడలగొట్టిన స్థలమునకే విశ్వాసము చెల్లించిన ఆ వృద్ధుని గూర్చి మనుమడు ఎన్ని స్తోత్రములు వ్రాసెను? ఒక్కటియు లేదు. నియమము తప్పని వాడై యుండవలెనని మాత్రము ఊహించి, ఈ ఒక్క సంఘటనను చెప్పి ముందునకు సాగిపోయెను. తనకు రూఢిగా తెలియనిదానిని తెలిసినట్లు చెప్పలేదు. అదే ప్రకరణమున తన తండ్రి కరమ్‌చంద్ సత్యప్రియుడు, ధైర్యశాలి, ఉదారుడు అని చెప్పుచునే, ఆయన కోపస్వభావమును దాచలేదు. ఈ సత్యమువలన తండ్రిపై గౌరవము తగ్గినదా? తగ్గలేదు. చదువరికి ఆ తండ్రియు, తాతయు నిజమైన మనుష్యులుగా కనబడుచున్నారు. కావుననే వారి మంచి కూడ నమ్మదగినదిగా నున్నది.

భారతమున భీష్ముడు అందరికిని పితామహుడు. నిండుసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు ఆయన సమాధానము చెప్పలేకపోయెను. ధర్మము సూక్ష్మమని పలికి ఊరకుండెను. వ్యాసుడు దీనిని దాచలేదు. అయినను యుద్ధానంతరమున ధర్మరాజు ఆ పితామహుని శరతల్పమునొద్దకే పోయి ధర్మములను వినెను. ఆ లోపమును ఎఱిగియే వినెను. సంతానము లేని ఆ భీష్మునకు మాఘశుద్ధాష్టమినాడు ఏ సంబంధమును లేనివారు సైతము తర్పణము విడుచుచున్నారు. రక్తముచేత మనుమలు లేకున్నను, నిలుపుకొన్న మాటచేత లోకమంతయు ఆయనకు మనుమడైనది.

కఠోపనిషత్తునందలి నచికేతుడును ఇట్లే పూర్వులను స్మరించినాడు. కోపమున తన్ను మృత్యువున కిచ్చితినన్న తండ్రి మాట తప్పకుండుటకై, పూర్వులు ఎట్లు నడచిరో చూడుమని ఆయనకు జ్ఞాపకము చేసెను. ఆ బాలుడు పూర్వులను పొగడలేదు, శోకింపలేదు, చేయవలసిన పని యెదుట నున్నప్పుడు వారిని తలచినాడు. అదియే స్మరణమునకు సరియైన కాలము. సంవత్సరమునకొకసారి పటమునకు దండ వేయుట సులభము. తూకము తప్పుగా వేసినచో లాభము వచ్చు క్షణమున తాతను తలచుట కఠినము. ఆ క్షణమున జ్ఞాపకము రాని తాత నిజముగా మరువబడినవాడే.

నేతవారికి తెలిసిన ఉపమానమే వేదమునందును కలదు. ఋగ్వేదము పదియవ మండలమునందలి యొక సూక్తమున యజ్ఞమును దారములతో సాగదీసిన నేతగా వర్ణించి, పితరులు ఆ పడుగుచెంత కూర్చుండి నేయుచున్నారని చెప్పిరి. మగ్గముపై పడుగు ముందు సాగదీయబడును. పేక తరువాత వచ్చును. పడుగు లేక పేక నిలువదు. పేక వేయనిదే పడుగు వస్త్రము కాజాలదు. తాత సాగదీసిన పడుగులో అక్కడక్కడ తెగిన పోగులుండవచ్చును. తెగినచోట అతుకువేసి నేయుట నేర్పరి పని. తెగిన పోగు లేదని బుకాయించినచో వస్త్రము చెడును. తెగినదని మగ్గమును విడిచి లేచినను చెడును.

ఇప్పుడు మరల ఆ గోడాదరా యింటికి పోవుదము. బాలుడు మరియొక దినమున అదే ప్రశ్న నడిగెననుకొనుడు. ఈసారి తండ్రి ఇట్లు చెప్పును. “తాతకు కోపమెక్కువ, బిడ్డా. కూరలో ఉప్పు తక్కువైతే కంచం నూకేసేటోడు. గని ఒకసారి సావుకారి లెక్క తప్పి ఒక నూలుకట్ట ఎక్కువ ఇచ్చిండు. ఇంట్ల తిననీకె గింజలు లేవు. అయినా పొద్దుమూకినంక నడుసుకుంట పోయి ఆ కట్ట ఇచ్చి వచ్చిండు.” బాలుడు ఈ మారు ఆటకు పోడు. ఎంత దూరము నడిచినాడని యడుగును. చీకటిలో భయము వేయలేదా యని యడుగును. ఆ ప్రశ్నలతో తాత పటమునుండి దిగివచ్చి వానితో నడువ నారంభించును.

ఒక తరము గడచిన పిమ్మట తాత పేరు ఎవ్వరికిని తెలియకపోవచ్చును. ఆ ఊరి పేరును, ఆ భాషయు మారిపోవచ్చును. కాని తాపీ తీరమున ఎవడో యొకడు తనది కాని సొమ్మును చీకటిలో నడచిపోయి తిరిగి ఇచ్చుచుండును. వానికి కారణము తెలియదు. మా యింటిలో ఇంతే యనును. పితామహునకు అంతకు మించిన తర్పణము లేదు.