జడపదార్థం పొరపడగలదా?

ప్రకృతి జడమే అయినా చేతనుడైన పురుషుడి మోక్షం కోసం పనిచేస్తుందన్నారు సాంఖ్యులు. ఏమీ తెలియని పాలు దూడ పోషణ కోసం స్రవించడం లేదా అని ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారిక 57వ శ్లోకంలో దృష్టాంతం చూపాడు. బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో శంకరులు దీన్ని ఒప్పుకోలేదు. ఆవుకు చైతన్యం ఉంది, దూడ మీద ప్రేమ ఉంది, దూడ కుడుస్తుంది కాబట్టే పాలు వస్తాయన్నారు. ఆవు చేపడం వెనుక ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ఉందని ఇవాళ మనకు తెలుసు. దూడను చూసినా, దాని అరుపు విన్నా అది విడుదల కావచ్చు కాబట్టి శంకరుల మాట తీసిపారేయదగింది కాదు. అయినా అసలు ప్రశ్న అలాగే మిగిలింది: తెలివిలేనిది ఒకరి ప్రయోజనం కోసం పనిచేయగలదా?

సాంఖ్యుల వాదానికి వైద్యరంగంలో ఇప్పుడొక గట్టి సాక్షి దొరికింది. అవే పరిసరాలను బట్టి మారే స్మార్ట్ పాలిమర్లు. పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ అనే పదార్థం చల్లటి నీటిలో విచ్చుకుని ఉంటుంది. సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని గొలుసులు నీటిని వదిలి ముడుచుకుంటాయి. జపాన్‌లో తెరువో ఒకానో బృందం కణాలను పెంచే పాత్రలకు ఈ పూత పూసింది. శరీరపు వేడిలో కణాలు పాత్రకు అంటుకుని పొరగా పెరుగుతాయి. పాత్రను చల్లబరిస్తే చాలు, ఆ పొర చిరగకుండా ఊడి వస్తుంది. నోటి లోపలి కణాలతో ఇలా పెంచిన పొరలను కంటి కార్నియా దెబ్బతిన్న రోగులకు అమర్చినట్టు 2004లో జపాన్ వైద్యులు ప్రకటించారు. ఎంత ఆదరంగా చేసినట్టుంటుంది ఆ పని! కానీ జరిగిందల్లా గొలుసు చుట్టూ ఒక క్రమంలో పేరుకున్న నీటి అణువులు వేడికి చెదిరిపోవడం, చల్లబడితే మళ్లీ చేరడం. ఆ మార్పును వివరించడానికి ఏ ఎరుకా అక్కర్లేదు. జడం క్రమబద్ధంగా పనిచేయగలదన్నంత వరకు సాంఖ్యులదే గెలుపు.

అయితే పని జరగడం వేరు, ఒకరి కోసం జరగడం వేరు. ఆ తేడా పొరపాటు దగ్గర బయటపడుతుంది. మలబద్ధకానికి ఇచ్చే బిసకొడిల్ మాత్ర పైపూత జీర్ణాశయపు ఆమ్లంలో నిలిచి, పేగుల్లోకి వెళ్లాక కరిగేలా చేస్తారు. దాన్ని పాలతో గానీ యాంటాసిడ్‌తో గానీ వేసుకోవద్దంటారు, ఎందుకంటే ఆమ్లం తగ్గితే పూత జీర్ణాశయంలోనే కరిగి కడుపునొప్పి తెస్తుంది. అలాగే గ్లూకోజ్‌ను పట్టుకుని ఇన్సులిన్ వదిలే జెల్‌ల కోసం పరిశోధకులు వాడే ఫినైల్‌బోరోనిక్ ఆమ్లం గ్లూకోజ్ కంటే ఫ్రక్టోజ్‌నే గట్టిగా పట్టుకుంటుంది. ఈ రెండుచోట్లా పదార్థం పొరపడిందా? లేదు. దాని రసాయనం ప్రకారం అది చేయవలసిందే చేసింది. పొరపాటు జరిగింది రోగి దృష్టిలో, వైద్యుడి దృష్టిలో. యథార్థజ్ఞానం, అయథార్థజ్ఞానం అని నైయాయికులు చేసిన విభజన ఇక్కడ నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. తప్పు తెలుసుకునే అవకాశమే లేని చోట సరిగ్గా తెలుసుకోవడం కూడా లేదు. ‘కోసం’ అన్న మాటకు అర్థం ఇచ్చేది చేతనుడే అన్నంత వరకు నేను శంకరుల పక్షాన ఉంటాను. దీనితో ఈశ్వరుడు రుజువయ్యాడని మాత్రం అనను. పాలిమర్‌కు రసాయన శాస్త్రవేత్త ఉన్నాడు కాబట్టి పాలకూ ఒక కర్త ఉండాలనడం తర్కం కాదు.

క్లోమంలోని బీటా కణమూ అణువుల కూర్పే కదా అని ఎవరైనా అడగవచ్చు. గ్లూకోజ్ పెరిగితే కణంలో ఏటీపీ పెరుగుతుంది, పొటాషియం మార్గాలు మూసుకుంటాయి, కాల్షియం లోపలికి వస్తుంది, ఇన్సులిన్ బయటికి పోతుంది. ఇందులో ఎక్కడా ఎరుక కనిపించదు. నిజమే, బీటా కణానికి ఏదో తెలుసని నేనూ అనను. కానీ రక్తంలో చక్కెర ఎక్కువ కాలం అతిగా ఉంటే ఆ కణమే దెబ్బతింటుంది. దాని పని దాని బతుకుతో ముడిపడి ఉంది. ఇన్సులిన్ సరిగ్గా వదిలినా వదలకపోయినా జెల్‌కు ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. దినుసులు పులిసి మత్తు పుట్టినట్టు భూతాల కలయికలో చైతన్యం పుడుతుందన్న చార్వాకుల మాట నిజమే కావచ్చు. దాన్ని కాదనే ఆధారం పాలిమర్ ఇవ్వదు. అయితే స్పందన ఒక్కటే ఆ కలయిక కాదని మాత్రం చూపిస్తుంది. అందుకే మందు వేళ తప్పి విడుదలైతే జవాబు చెప్పవలసింది దాన్ని రూపొందించినవారు, పరీక్షించినవారు, రోగి ఇంకేం తింటున్నాడో అడగని వైద్యుడు. పదార్థం తెలివైనదన్న పేరు వాళ్లకు సాకు కాకూడదు.

నా వాదానికి కష్టమైన పరీక్ష జెల్‌లో లేదు. ఆల్జినేట్ గుళికల్లో బతికున్న క్లోమకణాలను ఉంచి శరీరంలో పెట్టే ప్రయత్నాల్లో ఉంది. అక్కడ పాలిమర్ గోడ మాత్రమే, స్పందించేది కణం. ఆ కణం తన బతుకును తాను నిలుపుకుంటూనే రోగికి ఇన్సులిన్ ఇస్తుంది. అది ఎవరి కోసం పనిచేస్తోందని అడిగితే రెండు జవాబులు వస్తాయి, రెండూ నిజమే. పాలు, దూడ దృష్టాంతంలో ఇలా రెండు బతుకులు ఒకే పనిలో కలిసే వీలు గురించి సాంఖ్యులు గానీ శంకరులు గానీ ఆలోచించలేదు. ఆ చర్చను అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.