ఇంటిగుట్టు

స్టాఫ్‌రూంలో ఎవరి పది రూపాయలు పోయినా ముందు వినపడే మాట ఒకటుంది: "హాస్టలు పిల్లోళ్ళే తీసుంటారు."

నేనూ హాస్టలోన్నే. మాయమ్మ హిందూపురంలో పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే కాడ కూలికి పొయ్యేది. వేడినీళ్ళల్లో నానీ నానీ ఆమె వేళ్ళు పాలిపోయుండేవి. నన్ను హాస్టల్లో ఇడిసిన దినం "యాడుంటే నాలుగచ్చరాలు వస్తాయో ఆడుండు" అన్నది. బయట మాకు పేరు 'గవర్నమెంటు అల్లుళ్ళు'. పురుగుల బియ్యం తినే అల్లుళ్ళను యాడైనా చూసినారా?

తర్వాత సంఘం కట్టుకున్నాం. ఏప్రిల్ 14న పెనుకొండ బజార్లో జెండాలతో నడిస్తే "తాగేదానికి చందాలు" అన్నారు. హైదరాబాదులో రెడ్డి హాస్టలు 1918లో పుట్టింది. దాన్ని విద్యాసేవ అనే చదువుకున్నాం. అదే ఊళ్ళో సెంట్రల్ యూనివర్సిటీలో 1993లో మావోళ్ళు అంబేద్కర్ పేరుతో విద్యార్థి సంఘం పెట్టుకున్నారు. 2015లో ఒక కేంద్రమంత్రి లేఖకు ఆడ కులవాదం, దేశవ్యతిరేకత కనపడినాయి. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయినాడు.

ఇదంతా నేను గట్టిగానే మాట్లాడతా. నోరు పడిపోయింది ఇంకోచోట.

మొన్న ఎనిమిదో తరగతి పిల్లోడు చొక్కా ఎత్తి వీపు చూపిచ్చినాడు. బెల్టు వాతలు. హాస్టల్లో పెద్దోళ్ళ గుడ్డలు ఉతకనన్నాడంట. వాళ్ళమ్మ ధర్మవరంలో కూలి చేసుకుంటాది. "యెవురికీ చెప్పొద్దు సార్" అన్నాడు. హెడ్మాస్టరు గది దాకా పోయి ఎనక్కొచ్చినా. చెప్తే "మేం అనలేదా?" అంటారు. పెద్దకులాల పిల్లలుండే హాస్టల్లో ర్యాగింగు జరిగితే అది ఆ నలుగురి తప్పు. మా హాస్టల్లో జరిగితే కులం తప్పు. అందుకే మేం నోరు మూసుకుంటాం. మూసుకున్నదానికి బాకీ కట్టేది మాలో అందరికన్నా చిన్నోడు.

అమెరికా నల్లోళ్ళ సంఘాల గురించి చదివితే ఈ ముడే కనపడింది. తెల్లోళ్ళ సంఘాల్లో చోటులేక 1906లో కార్నెల్ యూనివర్సిటీలో ఏడుగురు నల్ల విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ అందులోవాడే. 1908లో హోవర్డ్‌లో ఆడపిల్లలు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. బయటోళ్ళకు మాత్రం వీళ్ళ చిందులు, చేతుల మీది వాతలు, కొట్లాటలే కనపడతాయి. లోపల దెబ్బలున్నదీ అబద్ధం కాదు. స్పైక్ లీ ఆ సంగతి 'స్కూల్ డేజ్' సినిమాగా తీస్తాంటే, తను చదివిన మోర్‌హౌస్ కాలేజీవాళ్ళే షూటింగు మధ్యలో బయటికి పంపినారు. పరువు! సినిమా 1988లో వచ్చింది. 1990లో ఆ సంఘాలన్నీ కూడి, కొత్తోళ్ళను సతాయించే తంతు రద్దు చేసినాయి. అయినా 1994లో మిస్సోరిలో ఒక నల్ల విద్యార్థి సంఘంలో చేరబోయి ఆ దెబ్బలకే చచ్చిపోయినాడు.

మంది ఎగతాళికి భయపడి మనం దాచేది పరువా, పిల్లోని వీపా?

ఇంకోటి గూడా ఉంది. తొమ్మిదో తరగతిలో నేనూ ఒకణ్ణి కొట్టినా, నా పళ్ళెం కడగలేదని. ఊళ్ళో మాయమ్మ పెద్దోళ్ళ కొట్టం ఊడుస్తాంటే చూసి ఏడ్చినోణ్ణి. నా కింద ఒకడు దొరికేసరికి ఎంత సుఖమయింది! వాడు ఆ ఏడే బడి మానేసినాడు. నా దెబ్బకేనా అని ఇంతవరకు పోయి అడగలేదు.

సోమవారం ఫిర్యాదు రాసుకోని పోయినా. హెడ్మాస్టరు చదివి, "మీవోళ్ళే గదా సార్, మీరే సర్దుకోండి" అన్నాడు. అందినట్టు సంతకం పెట్టిందాకా కుర్చీలోంచి లేవలేదు నేను.

మధ్యాన్నం స్టాఫ్‌రూంలో ఆ మాట రానే వచ్చింది. వింటానే క్యారియరు విప్పి అన్నం తిన్నా.