గడియారము చెప్పిన సాక్ష్యము

ఏటేట ఆగస్టు మాసమున హైదరాబాదు మారథాన్ జరిగిన ఆదివారమున, ఉప్పల్, నాచారం, హబ్సిగూడలనుండి తెల్లవాఱకముందే బయలుదేఱి, నెక్లెస్ రోడ్డున పరుగు మొదలిడి, నగరపు ఎత్తుపల్లములన్నియు దాటి గచ్చిబౌలి స్టేడియమున హాఫ్ మారథాన్ ముగించి, మధ్యాహ్నమునకు ఇల్లు చేరినవారి ఫోనులలో ఒక్కొక్కరికి రెండేసి కాలములు ప్రత్యక్షమగును. జెండా ఊపి అందఱిని విడిచిన క్షణమునుండి లెక్కించినది గన్ టైమ్. గుంపు మెల్లగా కదలగా తాను స్వయముగ ఆరంభరేఖను దాటిన క్షణమునుండి, ఛాతీమీది బిబ్ వెనుకనున్న చిప్పు ఆధారముగ లెక్కించినది చిప్ టైమ్. మనుష్యుడొక్కడే, మార్గమొక్కటే, పరుగొక్కటే. కాలములు మాత్రము రెండు. మిత్రులకు చెప్పుకొనునపుడు ఈ రెంటిలో చిన్నదానినే ఎన్నుకొనుట లోకసహజము. ఆ ఎన్నికలో తప్పు లేదు గాని, అందొక పెద్ద ప్రశ్న యిమిడియున్నది. తన కాలము రెండు గంటల పది నిమిషములని యొకడు చెప్పుకొనునపుడు, ఆ కాలముపై వానికి గల స్వామ్యమెట్టిది? అది వాని గుణమా, వాని క్రియాఫలమా, లేక కేవలము వానిని గూర్చి మఱియొకరు చెప్పిన మాటయా?

ఈ ప్రశ్నను ఉప్పల్ రహదారి ప్రక్కన నిలిచి అడుగుట అసందర్భము కాదు. ఇచట సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణాలయమున భూమిని కొలుచు విద్యను నేర్పుదురు. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో శిలల వయస్సును గణింతురు. మన పాదములక్రింది గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరములనాటిదని భూవిజ్ఞానులు నిర్ణయించిరి. ఇటు నాచారం పారిశ్రామికవాడలో కాలము వేఱొక విధముగ కొలువబడును: షిఫ్టు ఎక్కిన వేళ, దిగిన వేళ, ఓటీ గంటలు. ఒకని గంటలను మఱియొకడు కొనుచున్నాడు గనుక అచట కొలత అవసరమైనది. అట్లు వారమంతయు తన గంటలను అమ్ముకొనినవాడే ఆదివారమునాడు తానే ఎంట్రీ ఫీజు చెల్లించి తన రెండు గంటలను కొలిపించుకొనుచున్నాడు. ఆ గంటలను కొనువాడు లేడు, వానికి కూలి లేదు, మొదట చేరిన కొలదిమందికి తప్ప బహుమానమును లేదు. మఱి కొలిపించుకొనుట దేనికి?

సాక్షికొఱకని నాకు తోచుచున్నది. వివాహమునకు అగ్నిని, ప్రతిజ్ఞకు సూర్యచంద్రులను, పాపపుణ్యములకు చిత్రగుప్తుని చిట్టాను సాక్ష్యముగ నిలుపుకొనిన సంప్రదాయము మనది. బంధువు మెచ్చుకోలులో ప్రేమ కలియును. పొరుగువాని మాటలో ఈర్ష్య కలియును. తన మనస్సునే తీర్పరిగ కూర్చుండబెట్టినచో అది ఒకనాడు జాలి చూపును, మఱియొకనాడు కఠినమగును. రాగద్వేషములు లేని సాక్షి యొకడు తన శ్రమను చూచి ఉన్నదున్నట్లు చెప్పవలెనను కోరిక మనుష్యునకు సహజము. ముగింపురేఖవద్ద పఱచిన టైమింగ్ మ్యాట్ ఆ కోరికను కొంతవఱకు తీర్చును. ఐతే సాక్షి దేనిని గూర్చి పలికినాడో, దేనిని గూర్చి పలుకలేదో ఎఱుగనివాని చేతిలో సత్యమైన సాక్ష్యమును అనర్థమునకే దారితీయును. ఆ హద్దు ఎచటనున్నదో విచారింతము.

మొదట కొలత స్వరూపము. హాఫ్ మారథాన్ దూరము ప్రకృతిలో ఎచటను లేదు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోటవద్ద మొదలై స్టేడియములో రాజాసనము ఎదుట ముగియునట్లు ఏర్పఱచిన 42.195 కిలోమీటర్ల దూరమే 1921లో మారథాన్‌కు ప్రమాణముగ స్థిరపడినది; అందులో సగమగు 21.0975 కిలోమీటర్లు హాఫ్ మారథాన్. ఆ మార్గమును కొలుచువారు చక్రమునకు జోన్స్ కౌంటర్ అను లెక్కయంత్రమును బిగించిన సైకిలుపై, ప్రతి మలుపునను మిక్కిలి దగ్గఱ దారి పట్టి కొలుతురు. పొరపాటున దారి తక్కువ పడకుండుటకై వేయింట నొకవంతు అధికముగ చేర్తురు. అనగా ఈ పరుగున ఇంచుమించు 21 మీటర్లు ముందుగనే అదనము. మలుపులలో వెలుపలి అంచున పోవు సామాన్యుడు ఇంకను ఎక్కువ దూరమే పరుగెత్తును. రహదారి పరుగుల అధికారిక ఫలితములలో సెకండులో భాగము మిగిలినచో పై సెకండునకే పెంచుదురు. ఇట్లు దూరమును, కాలమును మానవులు కూడి సమ్మతించి నిర్ణయించుకొనినవే. సమ్మతివలన ఏర్పడినది గనుక అసత్యమనరాదు. తిథియు, రూపాయియు, ఊరి పొలిమేరయు అట్టివే గదా! వ్యవహారమునకు అవి చాలిన సత్యములు. కాని వ్యవహారమునకు చాలినది వ్యక్తిని నిర్ణయించుటకును చాలునా?

ఇందుకు మొదట కాలమనగా నేమో చూడవలెను. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు తర్కము నేర్వబోవు బాలురకొఱకు రచించిన తర్కసంగ్రహము నేటికిని సంస్కృత పాఠశాలలలో తొలి పాఠము. ఆయన అనుసరించిన వైశేషిక సిద్ధాంతమున కాలము ఒక ద్రవ్యము. అది ఏకము, సర్వవ్యాపకము, నిత్యము. క్షణము, ముహూర్తము, దినము అను భేదములు దానియందు స్వతస్సిద్ధముగ లేవు. సూర్యగమనము మొదలగు ఉపాధులనుబట్టి మనము అట్లు వ్యవహరింతుము. ఈ దృష్టితో చూచినచో రెండు గంటల పది నిమిషములను ఎవడును కాలమునుండి కోసి ఇంటికి తెచ్చుకొనలేదు. అఖండమైన కాలమున ఒక క్రియకు ఆద్యంతములను గుర్తించి, ఆ నడుమ స్ఫటికపు కంపనములను లెక్కించితిమి; ఇంతియే. ఒకనాడు ఉపాధి సూర్యుడు, నేడు స్ఫటికము. గన్ టైమ్, చిప్ టైమ్ అను ద్వైతమును ఇందుతోనే తీరిపోవుచున్నది: కాలము రెండు ముక్కలు కాలేదు, ఆరంభముగ గ్రహించిన సంఘటనము మాత్రము వేఱు.

సంఖ్యను గూర్చి వైశేషికులు చెప్పినది ఇంతకంటెను సూక్ష్మము. ఏకత్వము వస్తువుతోడనే యుండును గాని, రెండు మొదలుకొని గల సంఖ్యలు అపేక్షాబుద్ధివలన, అనగా ఒకదానిని మఱియొకదానితో చేర్చి చూచు తలపువలన పుట్టి, ఆ తలపుతోడనే నశించునని వారి మతము. ముందువెనుకలు, జ్యేష్ఠకనిష్ఠభావములు మొదలగు పరత్వాపరత్వములును అట్టి తలపునే ఆశ్రయించియుండును. ఫలితపట్టికలో ఒకనికి వేయవ స్థానము వచ్చినదనుకొందము. ఆ వేయవతనము వాని కాళ్లలో లేదు, ఊపిరిలో లేదు. పట్టికను చూచువాని అపేక్షాబుద్ధిలో ఉన్నది. వానికంటె వడిగల యొకడు ఆనాడు జ్వరమువలన రాకుండినచో, వీడు ఒక్క అడుగైనను అధికవేగముతో వేయకయే ఒక మెట్టు పైకెక్కును. తాను చేయని పనివలన పెరిగి, తానెఱుగని కారణమువలన తరుగునట్టిది తన గుణమని ఎట్లు చెప్పవచ్చును?

స్థానమునకు ఇది తగును గాని, కాలమునకు తగదని ఎవరైన అనవచ్చును. ఎవరు వచ్చినను రాకున్నను వాని రెండు గంటల పది నిమిషములు వానివే గదా! ఈ శంకకు సమాధానము బౌద్ధ దార్శనికుడగు నాగార్జునాచార్యుని యొద్ద దొరకును. కృష్ణాతీరపు కొండ యొకటి ఆయన పేరనే నేటికిని వెలయుచున్నది. మూలమధ్యమకకారికలలో రెండవ ప్రకరణమున ఆయన గమనమును పరీక్షించెను. నడిచిన భాగమున వెదకెను, నడువవలసిన భాగమున వెదకెను, ఎచటను దానిని స్వతంత్రవస్తువుగ పట్టుకొనజాలకపోయెను. పదునెనిమిదవ కిలోమీటరువద్ద పిక్కలు పట్టుకొనినవాడు ఈ వాదమును విని నవ్వవచ్చును. కాని ఆచార్యుడు నొప్పిని కాదనలేదు, గమనమునకు స్వభావసిద్ధమైన ఉనికిని మాత్రమే కాదనెను. ఆయన దారిన ఇంకొక అడుగు వేయుదము. పరుగు సాగుచున్నంతసేపు ముగింపుకాలమనునది లేదు. ముగింపుకాలము పుట్టిన క్షణమున పరుగు లేదు. ఏ క్రియను గూర్చి ఆ సంఖ్య చెప్పబడుచున్నదో ఆ క్రియ అప్పటికే గతించినది. అందువలన అది జరిగిపోయిన పనిని గూర్చిన సాక్ష్యము కాగలదే గాని, నేడు ఇంట కూర్చుండియున్నవానికి అంటియున్న ధర్మము కానేరదు.

ఇక కర్తృత్వమును గూర్చి. పైని చెప్పిన 1908 లండన్ మారథాన్‌లోనే ఇటలీ దేశీయుడగు డొరాండో పియెట్రి అందఱికంటె ముందుగా స్టేడియములో ప్రవేశించెను. అలసటచే దిక్కు తప్పెను, పలుమాఱులు కూలెను. అధికారులు చేయూతనిచ్చి గీత దాటించిరి. గడియారము 2 గంటల 54 నిమిషముల 46 సెకండులని పలికెను. అమెరికావారు ఆక్షేపింపగా అతనిని అనర్హునిగ నిర్ణయించి, 2 గంటల 55 నిమిషముల 18 సెకండులకు చేరిన జానీ హేస్‌కు విజయమునిచ్చిరి. మఱునాడు అలెగ్జాండ్రా రాణి పియెట్రికి ఒక పాత్రను బహూకరించెను. ఇందు గడియారము అబద్ధమాడలేదు. ఆ దేహము ఆ క్షణమున ఆ గీతను దాటినమాట నిజమే. దాటించినది ఎవరను ప్రశ్నకు మాత్రము దానియొద్ద సమాధానము లేదు.

ఆ ప్రశ్న పియెట్రికి మాత్రమే చెందినది కాదు. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున ప్రతి కర్మకును ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానమగు దేహము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, ఐదవది దైవము. తానొక్కడే కర్తనని తలచువాడు సరిగా చూడనివాడని అచటి తీర్పు. మన ఆదివారపు పరుగునకు దీనిని అన్వయించి చూడుడు. తల్లిదండ్రులిచ్చిన దేహము, నెలల తరబడి కూడబెట్టిన అభ్యాసము, కూడలి కూడలిని వాహనముల నాపిన ట్రాఫిక్ పోలీసు, నీటి గ్లాసు అందించిన వాలంటీరు, వేకువ పరుగునకు పోయిన దినములలో పిల్లలను బడికి సిద్ధపఱచిన భార్యయో భర్తయో, ఆగస్టు ఉక్కపోతను కొంత తగ్గించిన మబ్బు - వీనిలో ఏ యొక్కటి తప్పినను ఆ సంఖ్య మాఱియుండును. నీటి గ్లాసు అనుమతింపదగిన సాయమని, చేయి పట్టి నడిపించుట అనుమతింపరాని సాయమని నియమము ఒక గీత గీసినది. పోటీకి ఆ గీత అవశ్యము. కాని అది గీసినంతమాత్రమున గీతకు ఈవలి సాయము సాయము కాకపోలేదు.

ఇన్ని చేతులు కలిసి చేసిన పనికి వచ్చిన సంఖ్యను ఒక్క 'నేను'పై పెట్టుకొనుటయే చిక్కు. పరుగువారి గోష్ఠిలో తాను రెండు గంటలలోపు ముగించు సబ్-టూ రన్నర్‌నని యొకడు పరిచయము చేసికొనును. తన పీబీ, అనగా తన అత్యుత్తమ కాలము, ఇంతయని మఱియొకడు చెప్పును. శంకరులు అధ్యాసభాష్యమున దేహధర్మములను ఆత్మయందు ఆరోపించుటకు దృష్టాంతములు చెప్పుచు, లావు, సన్నము, నిలుచుట, పోవుటలతోపాటు లంఘించుటను గూడ పేర్కొనిరి. చిప్ టైమ్ వారి కాలమున లేకపోయినను, దానికి ఆ పట్టికలో చోటు విడిచిపోయినట్లే యున్నది. ఈ ఆరోపమునకు చెల్లింపవలసిన మూల్యము వయస్సుతో తెలియవచ్చును. నలువదవయేట సంపాదించిన పీబీయే తానని నమ్మినవానికి ఏబదవయేట చేసిన ప్రతి పరుగును ఓటమియే. నిజమునకు ఓడినది ఏమియు లేదు, దేహము తన ధర్మమును తాను నెఱవేర్చినది.

ఇట్లు తలచినచో ఎవరు శ్రమింతురని అడుగవచ్చును. సమాధానమునకై గ్రంథములను తెఱువ నక్కఱలేదు. ఏ సామాన్యదినమున నైనను వేకువన మూసీ దాపున ఉప్పల్ భగాయత్ వెడల్పు దారులలోనో, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముంగిటనో నిలిచి చూచిన చాలును. అచట టైమింగ్ మ్యాట్ లేదు, బిబ్ లేదు, పట్టిక లేదు; పరుగెత్తువారు మాత్రము కలరు. పోటీదినము ఏడాదికి ఒకటి రెండు. తక్కిన వేకువలన్నియు సాక్షి లేనివే. శ్రమ ముందు పుట్టినది, కొలత తరువాత వచ్చినది. ఫలమునందు ఆసక్తి విడువుమన్న బోధ పనిని విడువుమన్న బోధ కాదని ఆ దారులలో ప్రతిదినమును ఋజువగుచున్నది.

కాలము తనది కాదన్న మాట విని, దానిని ఎట్లయినను చెప్పుకొనవచ్చునని తలచుట మఱింత ప్రమాదము. తన బిబ్‌ను వడిగల మిత్రునికిచ్చి పరుగెత్తించి ఆ ఫలితమును తన పేర చూపువాడును, మలుపు రాకముందే అడ్డుదారిన తిరిగి వచ్చువాడును ఉందురు. అట్టివారు నిబంధనను మీఱుట చిన్న దోషము. పక్షపాతమెఱుగని సాక్షిచేత కూటసాక్ష్యము చెప్పించుట పెద్ద దోషము. మన ధర్మశాస్త్రములు కూటసాక్షిని ఘోరపాపులలో లెక్కించినది ఊరక కాదు. సాక్ష్యము చెడిన చోట వ్యవహారమంతయు చెడును. సాక్షి చెప్పనిదానిని చెప్పినట్లు భావించి, ఆ సంఖ్యయే తానని గర్వపడుటయో కుములుటయో మఱియొక దోషము. కూటసాక్ష్యము లోకమును వంచించును, ఈ భావన తన్ను వంచించును.

కనుక వచ్చే ఆగస్టున గచ్చిబౌలిలో గీత దాటబోవు ఉప్పల్, నాచారం వాసులకు నా మనవి యిది: మీకు వచ్చిన కాలమును ఒక్క సెకండైనను తగ్గింపక, పెంచక, ఉన్నదున్నట్లు చెప్పుకొనుడు, నీరందించినవారికి, దారి యిచ్చినవారికి, ఇంట భారము మోసినవారికి అందు వాటా కలదని ఒప్పుకొనుడు, ఆ సంఖ్యను మాత్రము మీరని తలపకుడు.