సాక్ష్యం, తీర్పు: తపాలాలో తిరిగే నవల – బొగ్గుగని పాఠకుడు

ఒకే నవల ప్రతిని ఇద్దరు ముగ్గురు పాఠకులు తపాలా ద్వారా పంచుకొని చదవడం, చదివిన తరువాత తమ అభిప్రాయాలను ఉత్తరాల్లో రాసుకోవడం పైకి సాహిత్యాభిరుచికి సంబంధించిన వ్యవహారంగానే కనిపిస్తుంది. అయితే ఆ నవల ఒక పాఠకుడి బతుకును చిత్రించినదై, మరొక పాఠకుడికి ఆ బతుకుతో ఏ పరిచయమూ లేనప్పుడు అందులో ఒక నైతిక ప్రశ్న తలెత్తుతుంది. అనుభవం ఉన్న పాఠకుడి మాటకు అనుభవం లేని పాఠకుడు ఎంతవరకు తలవంచాలి? తలవంచకపోతే అది అహంకారమా? పూర్తిగా తలవంచితే అది చదవడం మానుకోవడం కాదా? సింగరేణి బొగ్గుగనుల ప్రాంతాన్ని, ప్రత్యేకించి రామగుండం–గోదావరిఖనిని దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించడంతో మొదలైన సింగరేణి చరిత్రలో గోదావరిఖని తరువాతి కాలపు పట్టణం. ఊరి పేరులోనే నదీ గనీ కలిసి ఉన్నాయి. వ్యవసాయం మీద బతికిన పల్లెలనుంచి వచ్చి ‘బాయి పని’లో చేరినవారితో ఏర్పడిన సమాజం ఇది. మూడు షిఫ్టుల మధ్య విభజితమైన ఈ జీవితం అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చందు వంటి రచయితల ద్వారా తెలుగు సాహిత్యంలోకి వచ్చింది. ‘నల్లవజ్రం’, ‘శేషగిరి’ వంటి నవలలకు రెండు రకాల పాఠకులున్నారు. గనిలోకి దిగినవారు, వారి కుటుంబాలవారు ఒక రకం. బొగ్గును రైలు వ్యాగన్లలో మాత్రమే చూసినవారు రెండో రకం. తెలుగు విమర్శ ఈ ఇరువురి గురించి విడివిడిగా మాట్లాడింది. వారిద్దరూ ఒకే ప్రతిని చదివి ఒకరికొకరు జవాబు చెప్పుకోవలసి వస్తే ఏమవుతుందన్నది ఇక్కడి ఆలోచన.

ఒక ఉదాహరణను ఊహించవచ్చు. గని నేపథ్యంగల ఒక నవలను గోదావరిఖనిలోని భూగర్భ గని కార్మికుడొకరు చదివి, కోస్తా ప్రాంతంలోని ఒక ఉపాధ్యాయురాలికి తపాలాలో పంపారు. నవలలో గని కప్పు కూలి ఒక కార్మికుడు మరణిస్తాడు. ఆ ప్రమాదం ఏ సూచనా లేకుండా, పిడుగు పడినట్లు జరిగిందని రచయిత వర్ణించాడు. గనిలో కప్పును కర్రతో తట్టి, వచ్చే శబ్దాన్ని బట్టి అది గట్టిగా ఉన్నదో డొల్లగా ఉన్నదో పోల్చుకుంటారు. కాబట్టి కార్మికుడు తన ఉత్తరంలో ఇలా రాయవచ్చు: కప్పు చాలాసార్లు ముందే చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు విన్నా పని ఆపనివ్వనివారు ఉంటారు, చప్పుడును తీసివేయడంతో రచయిత వారి బాధ్యతను కూడా తీసివేశాడు. ఇది సాంకేతిక వివరానికి సంబంధించిన సవరణ కాదు. మానవ నిర్ణయం వల్ల జరిగిన మరణం నవలలో విధివశాత్తు జరిగినదిగా మారిందన్న నైతిక విమర్శ. ఈ విమర్శ చేయడానికి కావలసిన జ్ఞానం ఉపాధ్యాయురాలికి లేదు.

ఆమె జవాబు మరో విధంగా ఉండవచ్చు: మరణించినవాని భార్య నవల పొడవునా ఏడుస్తుందే తప్ప తన మాటగా ఒక్కటీ చెప్పదు; మీ ఉత్తరంలోనూ ఆమె ప్రస్తావన లేదు. ఈ లోపం కార్మికుడి కంట పడలేదు. పరిచయం ఎక్కువైన జీవితంలో కొన్ని మౌనాలు సహజంగా తోచడమే అందుకు కారణం. అనుభవం ఒకచోట చూపునిచ్చింది, మరొకచోట చూపును కప్పింది. ఇద్దరి మాటల్లోనూ సత్యముంది. ఏ ఒక్కరి సత్యమూ రెండోవారి సత్యాన్ని రద్దు చేయదు.

భారతీయ కావ్యశాస్త్రం ఈ సమస్యను మరో పరిభాషలో గుర్తించింది. అభినవగుప్తుడు అభినవభారతిలో రసప్రతీతికి ఏడు విఘ్నాలను చెప్పాడు. వర్ణితమైన విషయం సంభవమేనన్న నమ్మకం కలగకపోవడం, అంటే సంభావనావిరహం వాటిలో ఒకటి. తన సొంత సుఖదుఃఖాలకు వశుడైపోవడం, అంటే నిజసుఖాదివివశీభావం మరొకటి. దూరపు పాఠకురాలికి మొదటి విఘ్నం పొంచి ఉంటుంది: ఇటువంటి పని, ఇటువంటి చావు నిజంగా ఉంటాయా అన్న సందేహం. గని పాఠకుడికి రెండోది పొంచి ఉంటుంది: కప్పు కింద పోయిన తోటివాడు పుటల మధ్య నిలబడి కథను ముందుకు సాగనివ్వడు. శాస్త్రం ప్రకారం ఇద్దరూ తమ విఘ్నాలను దాటితేనే సహృదయులు.

ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పుకోక తప్పదు. తోటివాని మరణాన్ని తలుచుకోవడం విఘ్నమని గని పాఠకుడితో చెప్పడం న్యాయమేనా? రసానుభవ దృష్టితో అది విఘ్నమే కావచ్చు. కాని పఠనం రసానుభవంతో ముగిసిపోదు. పుస్తకం మూసిన తరువాత రాసే ఉత్తరంలో ఆ దుఃఖానికి చోటు ఉంది. చదివేటప్పుడు అడ్డుపడిన జ్ఞాపకమే ఉత్తరంలో ఎదుటి పాఠకురాలి సందేహాన్ని తొలగించగలదు. ఒకరి విఘ్నం మరొకరి విఘ్నానికి విరుగుడు కావడం ఒంటరి పఠనంలో సాధ్యం కాదు. సహృదయత్వాన్ని ఒక వ్యక్తి గుణంగానే కాక ఇద్దరు పాఠకుల మధ్య ఏర్పడే సంబంధంగా కూడా భావించవలసిన అవసరం ఇక్కడే కనిపిస్తుంది.

దీనినుంచి ఒక భేదాన్ని ప్రతిపాదించవచ్చు. అనుభవం పాఠకుడికి సాక్ష్యం చెప్పే హక్కునిస్తుంది. తీర్పు చెప్పే ఏకైక హక్కును ఇవ్వదు. సాక్షి మాటను వినకుండా తీర్పు చెప్పడం అన్యాయం. సాక్షినే న్యాయమూర్తిని చేస్తే విచారణ అవసరమే లేకుండా పోతుంది. అనుభవ ప్రామాణికతను ప్రమాణంగా స్వీకరించిన విమర్శ ఈ రెండో పొరపాటుకు దగ్గరగా వెళ్లే అవకాశముంది. శిల్పాన్ని మాత్రమే చూసే విమర్శ మొదటి పొరపాటు చేస్తుంది.

గని బతుకు బతకని రచయిత రాసిన నవలను కూడా ఈ భేదంతోనే అర్థం చేసుకోవాలి. ఎమిలీ జోలా గని కార్మికుడు కాడు. 1884లో సమ్మె జరుగుతున్న ఆంజాఁ గనులకు వెళ్లి, గనిలోకి దిగి చూసి, 1885లో ‘జెర్మినాల్’ను ప్రచురించాడు. 1902లో ఆయన అంత్యక్రియలకు వచ్చిన గని కార్మికులు ఆ నవల పేరునే నినాదంగా పలికారు. బయటివాడు రాయకూడదన్న నియమాన్ని ఇది ఖండిస్తుంది. కాని ఆ నినాదానికి విలువ వచ్చింది కార్మికులు పలకడం వల్లనే. సాక్ష్యం ఎప్పుడూ ఆక్షేపణగానే ఉండనవసరం లేదు, ఆమోదంగానూ ఉండవచ్చు.

ఈ సంబంధానికి తపాలా ఇచ్చే రూపం గమనించదగినది. భారతీయ తపాలా పాత నిబంధనల ప్రకారం బుక్‌ప్యాకెట్‌ను తనిఖీకి వీలుగా కట్టవలసి ఉండేది. అందులో వ్యక్తిగత ఉత్తరం పెట్టకూడదన్న నియమం ఉండేది. రుసుము కోసం ఏర్పడిన ఈ నియమానికి అనుకోని నైతిక ఫలితం ఉండేది. పుస్తకం ఒక దారిలో, అభిప్రాయం మరో దారిలో వెళ్లేవి. అందుకున్నవారు ముందు నవలను తమ కళ్లతో చదివి, తరువాత ఎదుటివారి మాటను వినే వీలు కలిగేది. సాక్ష్యం తీర్పుగా మారకుండా ఈ ఎడం కొంత కాపాడేది. దీనికి భిన్నమైన పద్ధతి కూడా చరిత్రలో ఉంది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో లేడీ బ్రాడ్‌షే తన ‘క్లారిస్సా’ ప్రతి అంచుల్లో వ్యాఖ్యలు రాసి నవలాకారుడు రిచర్డ్‌సన్‌కు పంపగా, ఆయన అదే ప్రతిలో జవాబులు రాశాడు. అంతకు ముందు నాయికను బతికించమని ఆమె ఉత్తరాల్లో వేడుకున్నది, ఆయన అంగీకరించలేదు. ముగింపు మారలేదు, సంభాషణ మాత్రం ఆగలేదు. ఒప్పించలేకపోయినా జవాబు చెప్పే బాధ్యతను ఇద్దరూ వదులుకోలేదు.

ఉత్తరాన్ని ఆదర్శంగా చూపడంలో ఒక చిక్కుంది. రాత ఇద్దరికీ సమానంగా అలవాటై ఉండదు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చినవాడు తన ప్రాంతపు భాషలో రాసిన నాలుగు వాక్యాలు, పాఠశాల భాషలో పొందికగా సాగిన నాలుగు పుటల ముందు తేలిపోయే ప్రమాదముంది. అప్పుడు తీర్పు వాదబలాన్ని బట్టి కాక వాక్యబలాన్ని బట్టి వెలువడుతుంది. అందుచేత రాత అలవాటు ఎక్కువగా ఉన్నవారిమీద ఒక అదనపు కర్తవ్యం ఉంటుంది. క్లుప్తంగా వచ్చిన మాటను విడమరచి చెప్పమని అడగాలి, అడిగి వేచి ఉండాలి. సమాధానం రాకముందే దానిని తన పరిభాషలోకి మార్చుకోకూడదు. పరిశోధకులకు కూడా ఈ కర్తవ్యం వర్తిస్తుంది.

ఈ చర్చ ప్రయోజనం ఇద్దరు పాఠకులతో ఆగదు. సింగరేణిలో భూగర్భ గనుల స్థానాన్ని ఓపెన్‌కాస్టులు ఆక్రమించాయి. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య నేడు అందులో సగంకంటే తక్కువకు పడిపోయింది. కప్పును తట్టి శబ్దాన్ని పోల్చుకోగల పాఠకులు తగ్గిపోతున్నారు. ఒకనాటికి గని నవలల పాఠకులందరూ దూరపు పాఠకులే అవుతారు. గోదావరిఖనిలో పుట్టినవారు కూడా అందులో ఉంటారు. అప్పటికి నవల మిగులుతుంది. నవలలో లేని చప్పుడును గురించి చెప్పిన ఉత్తరం మిగలాలంటే, దానిని ఇప్పుడే అడిగి రాయించుకొని, నవలతో సమానమైన శ్రద్ధతో భద్రపరచవలసి ఉంది.