లంచమిచ్చిన చేయి

పాసుపుస్తకం కోసం లంచమిచ్చిన రైతు దోషియా, బాధితుడా? 1988 నాటి అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచమివ్వడమే ప్రత్యేక నేరమైంది. శిక్ష 7 సంవత్సరాల వరకు జైలు. అయితే బలవంతం మీద ఇచ్చినవాడు 7 రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే శిక్ష లేదు.

తుఫానులో ఓడను కాపాడుకోవడానికి సరుకును సముద్రంలో పారవేసేవాడు ఇష్టపడి చేస్తున్నాడా అని అరిస్టాటిల్ ఆలోచించాడు. ఊరకే ఎవరూ పారవేయరు. అయినా విసిరింది అతని చేయే. రైతు స్థితీ అంతే. భయం దోషాన్ని తగ్గిస్తుంది. కాని తుఫాను వెలిశాక వహించే మౌనం మాటేమిటి? ఆ 7 రోజులు మనస్సాక్షికి చట్టమిచ్చిన గడువు.

ఫైలు ఆగిపోతుందనే భయం నిజమే. అందుకే అతణ్ణి ఒంటరిగా పంపరాదు. రేపు అదే బల్ల ముందు నిలబడవలసింది పొరుగువాడే.